పట్టుకుంటే ఆగే కుర్చీ

మా బావ షట్టర్ల మెకానిక్కు. దుకాణాలకు పైకీ కిందికీ లాగే ఇనుప షట్టర్లు ఉంటాయే, అవి చేయడం, బిగించడం, ఇరుక్కుపోతే బాగుచేయడం ఆయన పని. వీధిలో అందరూ ఆయన్ని స్ప్రింగయ్య అంటారు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, "దానికో స్ప్రింగు పెడితే సరిపోతుంది" అనడం ఆయనకు అలవాటు. తలుపు కిర్రుమంటోందన్నా అదే మాట, పిల్లాడు చదవడం లేదన్నా అదే మాట. ఆయన దగ్గర వెల్డింగు చేసేది నేను. ఆయన భార్య మా అక్క. బావమరిదిని కాబట్టి సెలవు అడగకూడదు, తిట్లు మాత్రం అందరికంటే ముందు నాకే. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అక్క అంటుంది. ఆయన పక్కన ఒక్క వారం పనిచేసి చూడమనండి, ఎవరి ముక్కు మీద ఏముంటుందో తెలుస్తుంది.

బావకు ఒక పిచ్చి ఉంది. ఏ వస్తువునూ ఉన్నదున్నట్టు ఉండనివ్వడు. వీధి తలుపు దానంతటదే మూసుకోవాలని ఒకసారి షట్టరు స్ప్రింగు తగిలించాడు. అది మూసుకున్న ఊపుకి అక్క చేతిలోని బకెట్టు ఎగిరి వరండాలో పడింది. కుళాయి కట్టేయడం అందరూ మర్చిపోతున్నారని ఇంకోసారి దానికీ ఏదో బిగించాడు. కట్టేయడం బాగానే కట్టేసింది, తెరవడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. ఆ పూట ఇంటిల్లిపాదీ పక్కింట్లో స్నానాలు చేశాం. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని అక్క తిడితే, "పనిచేసింది కదే" అని ఎదురు అడిగాడు.

ఇలా నవ్వుకుంటూ రోజులు వెళ్లిపోయేవే. కానీ అత్తయ్యకు జబ్బు చేసింది.

అత్తయ్య అంటే బావ వాళ్ల అమ్మ. లావుపాటి మనిషి, గొంతు కూడా మనిషికి తగ్గట్టే ఉంటుంది. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి, మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకుని రావాలి. మానేస్తే ఒంట్లో నీరు చేరుతుంది. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే తన చేతిలో కూడా ఏమీ ఉండదని డాక్టరు మొదటిరోజే చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడ దగ్గినా, తుమ్మినా నాకు గుండె దడే.

మేముండేది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మెట్లు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఒక మనిషి వస్తే ఇంకొకరు గోడకు అంటుకుపోవాలి. స్ట్రెచరు ఆ మలుపుల్లో తిరగదు. కిందికి మారిపోదామంటే వీధి పొడుగునా కింది ఇళ్లన్నీ ఎప్పుడో దుకాణాలైపోయాయి. ఒక్కొక్క ఇంటి గోడ పగలగొట్టి షట్టరు బిగించిన ఘనుడు మా బావే. ఆ సంగతి నేనొకసారి నోరు జారి అంటే, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

అందుకని అత్తయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నేనూ వెనక బావా మోసేవాళ్లం. దిగేటప్పుడు బరువంతా నా మీదే. "కాస్త తక్కువ తినొచ్చు కదా అత్తయ్యా" అంటే, "నువ్వు కాస్త ఎక్కువ తిను, బలం వస్తుంది" అనేది ఆవిడ. అలా కాలక్షేపం జరుగుతుండగా ఒకరోజు రెండో అంతస్తు మలుపులో కుర్చీ కాలు పుటుక్కున విరిగింది. నేను గోడకీ కుర్చీకీ మధ్య అడ్డం పడ్డాను కాబట్టి ఆవిడకు దెబ్బ తగల్లేదు. కానీ అక్కడినుంచి పైకి తీసుకురమ్మని పట్టుబట్టింది. తెచ్చి మంచం మీద దించాక గోడవైపు తిరిగి పడుకుని, "ఇంక నేను దిగను" అంది.

అంత గొంతున్న మనిషి ఆ మాట చాలా మెల్లగా అంది. నాకు భయం పుట్టింది అందుకే.

ఆ పూట ఆస్పత్రి తప్పిపోయింది. బతిమాలాం, అరిచాం, అక్క ఏడ్చింది కూడా. ఉలుకూ పలుకూ లేదు. బావ మాత్రం చెప్పులేసుకుని దుకాణానికి వెళ్లిపోయాడు. తల్లి అలా ఉంటే పనికి పోయే మనిషి కూడా ఉంటాడా అని నాకు ఒళ్లు మండింది. నాలుగు దులపాలని వెనకే వెళ్లాను. చూస్తే, ఒక షట్టరును కిందికి లాగడం, పైకి వదలడం, మళ్లీ లాగడం చేస్తూ నిలబడి ఉన్నాడు.

"ఏరా, ఈ షట్టరు బరువు మా అమ్మ కంటే ఎక్కువ కదా?" అన్నాడు.

"ఎక్కువే. అయితే?"

"మరి దీన్ని చిన్నపిల్లాడు కూడా ఎలా దించుతున్నాడు?"

తెలిసిందే కదా. షట్టరు పైన డ్రమ్ములో స్ప్రింగు ఉంటుంది. కిందికి లాగేకొద్దీ అది చుట్టుకుంటూ బరువును పట్టి ఉంచుతుంది. పైకి ఎత్తేటప్పుడు అదే విప్పుకుంటూ సాయం చేస్తుంది. ఈ మాత్రం దానికి నన్నెందుకు అడుగుతున్నాడా అని ఆలోచిస్తుంటే నాకూ వెలిగింది. మెట్ల ప్రతి మలుపులోనూ గోడకు ఒక డ్రమ్ము. దాని మీద చుట్టిన పట్టీ కొక్కెం కుర్చీకి. కుర్చీ వెనక రెండు జారుడు పట్టాలు, వాటికి రబ్బరు. మలుపు దాకా దిగాక ఆ పట్టీని అక్కడ గోడకు కట్టేసి, తర్వాతి డ్రమ్ము పట్టీ తగిలించుకోవడమే. తిరిగి వచ్చేటప్పుడు చుట్టుకుని ఉన్న స్ప్రింగే పైకి లాగుతుంది.

ఆ సాయంత్రమూ, మర్నాడంతా, మూడో రోజు పొద్దున్నా పని తప్ప ఏమీ తెలియలేదు. గోడకు రంధ్రాలు వేస్తుంటే రెండో అంతస్తు ఇన్సూరెన్సాయన బయటికొచ్చాడు. మనిషి మంచివాడే, కానీ ఎవరు నవ్వుతున్నా రేపు చస్తే ఎలా అని ఆలోచించే రకం.

"ఇది తెగి పడితే బాధ్యత ఎవరిదండీ?" అన్నాడు.

"నాదే" అన్నాడు బావ.

"మీది సరే. మీ అమ్మగారు ఒప్పుకున్నారా?"

"దానికి ఆవిడ ఒప్పుకునేదేముందండీ? కూర్చోవడమే కదా."

దుకాణంలో పాత స్ప్రింగులన్నీ ఇసక బస్తాలు వేలాడదీసి పరీక్షించడం మా పద్ధతి. ఎన్ని బస్తాలు మోస్తే అంత నమ్మకం. కుర్చీని కూడా అలాగే పరీక్షించాం. అత్తయ్య కంటే బరువుగా బస్తాలు పేర్చి, తాడుతో బిగించి, మూడో అంతస్తు నుంచి కింది దాకా దించాం. బస్తాలు దొర్లలేదు, పట్టీ తెగలేదు. రబ్బరు మాత్రం మెట్ల అంచుల మీద కీచుకీచుమంది. "మా అమ్మ కంటే ఇదే నయం, మాట్లాడదు" అన్నాడు బావ. తర్వాత నేను కూర్చున్నాను. ఎక్కడ ఏ బోల్టు ఉందో తెలిసినవాణ్ని కదా, చేతులు కట్టుకుని రాజాలాగా దిగాను.

ఆ మధ్యాహ్నం అత్తయ్యను ఎలాగో ఒప్పించాం. ఆవిడ కాళ్లు అప్పటికే పొంగి ఉన్నాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. కూర్చోబెట్టి పట్టీ తగిలించాం. కుర్చీ మెట్ల అంచు దాటి వాలిందో లేదో, ఆవిడ కెవ్వుమని అరిచి రెండు చేతులతో పక్కనున్న మెట్ల కమ్మీ పట్టుకుంది. కుర్చీ కిందికి పోతోంది, చేతులు పైనే ఉండిపోయాయి. కుర్చీ ఒక పక్కకు ఒరిగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బావ వెనక నుంచి, "వదులమ్మా, వదులు!" అని కేకలు. ఆవిడ ఎలా వదులుతుంది? నేను భుజం ఆనించి ఎలాగో నిలబెట్టాను. ఆవిడ మణికట్టు దగ్గర చర్మం గీసుకుపోయి రక్తం కనిపించింది.

ఇసక బస్తా కమ్మీ పట్టుకోదు. ఈ ముక్క మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు చూశారా. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

రెండో విడత ఆస్పత్రి కూడా తప్పింది. పడుకుంటే ఊపిరి ఆడక, దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉంది అత్తయ్య. ఫోను చేస్తే డాక్టరు నా మీద మండిపడ్డాడు. ఎలాగైనా సరే రేపు పొద్దున తీసుకురావాల్సిందే అన్నాడు. ఎలాగైనా అంటే ఎలాగో ఆయన చెప్పలేదు.

"కుర్చీకి బెల్టులు పెడదాం" అన్నాడు బావ. "రెండు చేతులకీ రెండు. కదలకుండా కట్టేస్తే కమ్మీ పట్టుకోదు."

నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే అంతకంటే మంచి ఉపాయం నాకూ కనిపించలేదు. అక్క కూడా తలూపింది. పక్క గదిలోంచి వినిపించింది అత్తయ్య గొంతు.

"మూట కట్టకురా నన్ను."

బావ వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. "నీ మంచికే కదమ్మా" అన్నాడు. ఆవిడ పక్కనే కూర్చున్న అక్క చేతిని పట్టుకుంది. ఆ పట్టుకి అక్క వేళ్లు పాలిపోయి, "అబ్బా, అత్తయ్యా" అని మూలిగింది. బావ వాళ్ల చేతుల వంక గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు. అందరం ఏడవాలో అరవాలో తెలియక ఉంటే ఈయనేం చూస్తున్నాడని నాకు తిక్క రేగింది.

"భయమేస్తే మనిషి వదలదురా" అన్నాడు చివరికి. "పట్టుకుంటుంది."

"ఆ సంగతి మధ్యాహ్నమే తెలిసింది కదా!"

"పట్టుకోనీ. పట్టుకుంటే కుర్చీ ఆగేట్టు చేద్దాం."

పాత సైకిలు ఒకటి విప్పి దాని బ్రేకులు తీశాం. కుర్చీ చేతుల మీద రెండు పక్కలా బ్రేకు పిడులు పెట్టాం. ఏ ఒక్కటి నొక్కినా పట్టాలు మెట్లను కరిచి పట్టుకుని కుర్చీ నిలిచిపోతుంది. వదిలితే మెల్లగా జారుతుంది. ఆవిడకు ఎంత భయమేస్తే అంత గట్టిగా ఆగుతుందన్నమాట. నేను మాత్రం ఊరుకోకుండా, "పట్టుకుని వదలకపోతే ఏం చేస్తావ్ బావా? వెనకాల ఒక పిన్ను పెడదాం. అది లాగేస్తే ఆవిడ బ్రేకు పనిచేయదు, మన ఇష్టం" అన్నాను. కాసేపు గునిసి పెట్టనిచ్చాడు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. ఇప్పుడు మా దుకాణంలో షట్టర్ల కంటే ఈ కుర్చీలే ఎక్కువ తయారవుతున్నాయి. లిఫ్టు లేని ఇళ్లు, దిగలేని మనుషులు ఇంతమంది ఉన్నారని మాకు అప్పటిదాకా తెలియదు. కొనడానికి వచ్చే కొడుకులూ కోడళ్లూ అడిగేది ఒకటే: "బ్రేకు మోసేవాళ్ల దగ్గర పెట్టండి, తొందరగా అవుతుంది." బావ కుదరదంటాడు. కూర్చోబోయే మనిషితో మాట్లాడనిస్తేనే పని మొదలుపెడతానంటాడు. "మా నాన్నకేం తెలుసండీ" అని ఒకాయన అంటే, "అయితే మీరే కూర్చోండి" అని పంపించేశాడు. ఆ వ్యాపారం అలా పోయింది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన వినడు. ఆ మర్నాడు జరిగింది చూశాక మళ్లీ నేను కూడా పెద్దగా అననులెండి.

మర్నాడు పొద్దున అద్దె కారు కింద వచ్చి నిలబడింది. అత్తయ్య పెదాలు నల్లబడి ఉన్నాయి. మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈల వేస్తోంది. బ్రేకు ఎలా నొక్కాలో బావ చూపించాడు. ఒకసారి నొక్కి చూసింది, వదిలింది, మళ్లీ నొక్కింది.

మొదటి మెట్టు దిగగానే నొక్కింది. ఆగింది. వదిలింది. ఇంకో మెట్టు జారింది. మళ్లీ నొక్కింది. కింద కారువాడు హారను కొడుతున్నాడు. ఇన్సూరెన్సాయన తలుపు తీసి, వాచీ చూసుకుని, మమ్మల్ని చూసి తలుపు వేసుకున్నాడు. నేను కింద నిలబడి కుర్చీని కాస్తూ, చెమటలు కారిపోతూ, కానీండి తల్లీ, కానీండి అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. ఇలా అయితే మేము కిందికి చేరేసరికి పొద్దు వాలిపోతుందనిపించింది.

ప్లాస్టిక్ కుర్చీ విరిగిన మలుపు వచ్చింది. అక్కడ రెండు చేతులతోనూ నొక్కేసింది. ఇక వదల్లేదు.

"అత్తయ్యా, వదలండి. ఇంక కొంచెమే ఉంది."

"వదలను."

"టైము దాటిపోతోంది అత్తయ్యా! మీ ఊపిరి చూడండి ఎలా ఉందో!"

"వదలనన్నాను."

ఇంకో పూట ఇలాగే గడిస్తే ఆవిడ మాకు దక్కదు. పెద్దవాళ్ల మాట వినే సమయమా ఇది? కుర్చీ వెనక్కి చేయి పోనిచ్చి పిన్ను అందుకున్నాను.

"దాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా" అన్నాడు బావ. సరదాగా అన్న మాట కాదది.

పట్టీని గోడ కొక్కేనికి బిగించి, ముందుకొచ్చి ఆవిడ కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మా, మెట్లంటే భయమేస్తోందా?"

"మెట్లకేంరా, బానే ఉన్నాయి."

"మరి?"

చాలాసేపు ఊపిరి తీసుకుంది. "ఇది నొక్కితే ఆగుతోందిరా" అంది.

"ఆగడానికే కదమ్మా పెట్టింది."

"అక్కడ ఆగరు."

మాకు అర్థం కాలేదు. ఆయాసపడుతూ ముక్కలు ముక్కలుగా చెప్పింది. "సూదులు ఇంత లావు. ఆ అమ్మాయికి నరం దొరకదు. లోపల కెలుకుతుంది. ఆగవే తల్లీ అంటే, అయిపోయింది అయిపోయింది అంటుంది. చెయ్యి లాక్కుంటే ఇంకొకడొచ్చి మంచానికి అదిమిపడతాడు. మీరేమో గుమ్మంలో దింపేసి పోతారు."

బావ మొహం చూడలేకపోయాను. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏం చెప్పనురా? కిందికి చేరేసరికి మీరే రొప్పుతుంటారు."

కారువాడు మళ్లీ హారను కొట్టాడు. వాణ్ని అక్కడికక్కడే కొట్టాలనిపించింది నాకు.

"ఇవాళ నేను లోపలికొస్తాను" అన్నాడు బావ.

"రానివ్వరు."

"వస్తానన్నానా? వస్తాను."

కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత ఒక చేతి వేళ్లు సడలాయి, ఆ తర్వాత రెండోవి. కుర్చీ కదిలింది. కింది దాకా మళ్లీ ఎక్కడా నొక్కలేదు.

ఆస్పత్రిలో మామూలుగానే గుమ్మం దగ్గర ఆపారు. లోపలికి రోగులు తప్ప ఎవరూ రాకూడదన్నారు. బావ గొడవ పడలేదు, వెనక్కీ తగ్గలేదు. తల్లిని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆవిడ ఆయాసం చూసి వాళ్లే దారి ఇచ్చారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. గది నిండా మంచాలు, ప్రతి మంచం పక్కనా గిర్రున తిరుగుతున్న మిషను. సూదులు పెట్టే అమ్మాయిని ఇన్నాళ్లకు అప్పుడే చూశాను. రాక్షసిలా ఉంటుందనుకున్నాను. బక్కపల్చటి పిల్ల, కళ్ల కింద నల్లటి చారలు, ఒక్క క్షణం నిలబడే తీరిక లేదు.

బావ చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మణికట్టు తల్లి చేతిలో పెట్టాడు.

"అమ్మ దీన్ని నొక్కితే నేను ఆగమంటాను. మీరు ఆగాలి. అంతేనమ్మా" అన్నాడు ఆ అమ్మాయితో.

"ఇంకా బోలెడుమంది ఉన్నారండీ" అంది ఆ అమ్మాయి. "ఇలా ఆగుతూ కూర్చుంటే నా పని ఎప్పటికి తెమిలేది?"

"ఎప్పటికి తెమిలితే అప్పుడే. ఆవిడ భయపడి మళ్లీ రాకపోతే మీకు పని తగ్గుతుంది, నిజమే."

ఆ అమ్మాయి సూది అందుకుంది. అత్తయ్య కళ్లు గట్టిగా మూసుకుంది. సూది మొన చర్మానికి తగలగానే బావ మణికట్టు మీద ఆవిడ గోళ్లు దిగడం నాకు అక్కడికే కనిపించింది.

"ఆగండి" అన్నాడు బావ.

ఆ అమ్మాయి ఆగింది. సూది వెనక్కి తీసుకుంది.

అత్తయ్య కళ్లు తెరిచింది. సూదిని చూసింది, ఆ పిల్ల మొహంలోకి చూసింది. "ఆగావే!" అంది.

"ఆగానమ్మా. చెప్పండి, ఎప్పుడు పెట్టమంటారు?"

"ఉండు. కాస్త ఊపిరి తీసుకోనీ." తీసుకుంది. ఇంకోసారి తీసుకుంది. "ఊఁ, ఇప్పుడు కానీ."

నరం దొరికింది. మిషను తిరగడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోలేదు. ఆ అమ్మాయి చేతులు కడుక్కుని, కొత్త సూదుల పొట్లం విప్పుకుంటూ పక్క మంచం దగ్గరికి వెళ్లింది. అక్కడ ఒక ముసలాయన ఉన్నాడు. అంతసేపూ తల ఇటు తిప్పి చూస్తూనే ఉన్నట్టున్నాడు.

"అమ్మాయ్, నాకూ అలాగే చెయ్యి" అన్నాడు.

"మీ పక్కన ఎవరున్నారండీ?"

ఆయన పక్కనున్న ఖాళీ స్టూలు వంక చూశాడు. నేను చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వెళ్లాను. చొక్కా చెయ్యి మడిచి, నా మణికట్టు ఆయన ముందు పెట్టాను.

"పట్టుకోండి" అన్నాను.